సీసాలో ఉన్నది తేయాకేనా?

రాజధానిలో వేసవి వచ్చినదని తెలుసుకోవడానికి పంచాంగం అక్కరలేదు. పాత ఢిల్లీ సందులలో ఫాల్సా పండ్ల తట్టలు, మారేడు షర్బతు బళ్లు, నిమ్మరసంలో నల్ల ఉప్పు కలిపి ఇచ్చే షికంజీ అంగళ్లు కనబడితే చాలును. 2024 మే 29న సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో 46.8 డిగ్రీల వేడి నమోదైనది. 79 సంవత్సరాలలో అంతటి ఎండ అక్కడ కాయలేదు. అటువంటి రోజులలో దాహానికి పాలకపక్షం, ప్రతిపక్షం అన్న భేదం ఉండదు. ఆ దాహం మీద జరిగే వ్యాపారం మాత్రం ఏటేటా కొత్త వేషాలు వేస్తున్నది. కార్యాలయాల క్యాంటీన్లలో, మెట్రో స్టేషన్ల దుకాణాలలో పాత షర్బతుల స్థానాన్ని ఇప్పుడు రంగురంగుల సీసాలు ఆక్రమించుకున్నాయి. నిమ్మ ఐస్ టీ, పీచ్ ఐస్ టీ వంటి పేర్లు వాటి మీద మెరుస్తుంటాయి. సీసా మీద పండు బొమ్మ, దాని పక్కన రెండు తేయాకులు, ఒక మొగ్గ ఉంటాయి. లోపల ఉన్నదేమిటి?

ఇది వంటింటి ప్రశ్నగా కనబడవచ్చును. కాని 2024, 2025 సంవత్సరాలలో కేంద్ర ప్రభుత్వపు ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఇటువంటి ప్రశ్న మీదనే మూడుసార్లు నోరు విప్పవలసి వచ్చినది. 2024 జూన్‌లో, చిక్కబరచిన రసంలో తిరిగి నీరు కలిపి తయారుచేసిన పానీయాల మీద ‘నూరు శాతం పండ్లరసం’ అని ముద్రించరాదని ఆదేశించినది. 2025 అక్టోబరులో, వైద్యశాస్త్రం నిర్దేశించిన సూత్రం ప్రకారం తయారుకాని ఏ పానీయం పేరులోనూ ‘ఓ.ఆర్.ఎస్.’ అన్న అక్షరాలు ఉండరాదని శాసించినది. అదే ఏడాది డిసెంబరులో, కామెల్లియా సైనెన్సిస్ అనే తేయాకు మొక్క నుంచి వచ్చినదానికి తప్ప మరి దేనికీ ‘టీ’ అన్న పేరు తగదనీ, పూలు, మూలికలు నానబెట్టిన నీటిని ఆ పేరుతో అమ్మడం వినియోగదారుని తప్పుదారి పట్టించడమేననీ స్పష్టం చేసినది. మూడు ఉత్తర్వుల సారాంశం ఒక్కటే. మాట ఒకటి, సరుకు మరొకటి కారాదు.

ఈ మూడింటిలో రెండవదానికి మూలం హైదరాబాదులో ఉన్నదని తెలుగు పాఠకులు గర్వంగా చెప్పుకోవచ్చును. విరేచనాలతో నీరసించిన పసిపిల్లలకు తల్లిదండ్రులు ఓ.ఆర్.ఎస్. అనుకొని తీపి పండ్ల పానీయాలను పట్టిస్తున్నారని గమనించిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దాదాపు ఎనిమిదేళ్లపాటు ఒంటరి పోరాటం సాగించారు. తెలంగాణ హైకోర్టును కూడా ఆశ్రయించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ద్రావణంలో గ్లూకోజు 13.5 గ్రాములు మాత్రమే. అంతకు అనేక రెట్లు చక్కెర ఉన్న పానీయం ప్రేగులలోకి నీటిని లాగి, తగ్గవలసిన విరేచనాలను మరింత పెంచుతుంది. గమనార్హమైన విషయమేమంటే, ఇది సూత్రబద్ధమైన ఓ.ఆర్.ఎస్. కాదని ఒక వాక్యం ముద్రిస్తే చాలునని అంతకు ముందు వెసులుబాటు ఇచ్చినది కూడా ఈ సంస్థే. తాను ఇచ్చిన అనుమతిని తానే ఉపసంహరించుకొనే వరకు ఒక వైద్యురాలు దాని తలుపు తట్టుతూనే ఉండవలసి వచ్చినది. ఆ అక్టోబరు ఆఖరున ఢిల్లీ హైకోర్టు కూడా ఆ నిషేధంలో జోక్యం చేసుకోవడానికి నిరాకరించినది.

అయితే పేరుకు హద్దు గీసినంత మాత్రాన గ్లాసులోని సరుకు మారదు. ‘టీ’ అనే మాటను గురించిన వివరణ ఆ పేరు ఎవరికి చెల్లునో చెప్పినదే గాని, సీసాలో ఎంత తేయాకు ఉండవలెనో చెప్పడం దాని పని కాదు. పండ్ల సంగతీ అంతే. నిబంధనల ప్రకారం పండ్లరస పానీయంలో పండ్లరసం పది శాతం ఉంటే చాలును. నిమ్మ జాతి అయితే ఐదు శాతమే సరిపోతుంది. తక్కినది నీరు, చక్కెర, పులుపు, వాసన. అది చట్టవిరుద్ధం కాదు. కాని సీసా మీద బొమ్మగా ఉన్న నిండుపండుకూ ఆ పది శాతానికీ మధ్యనున్న దూరం ఎవరి లాభమో పాఠకులే గ్రహించగలరు.

ఈ వ్యవహారంలో చరిత్ర కూడా కొంత ఉన్నది. ఐస్ టీ పుట్టుక గురించి అమెరికాలో ఒక కథ ప్రచారంలో ఉన్నది. 1904లో సెయింట్ లూయీ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో రిచర్డ్ బ్లెచిండెన్ అనే ఆంగ్లేయుడు వేడి తేనీరు పంచుతున్నాడట. ఎండ తీవ్రతకు ఎవరూ దానిని ముట్టలేదట. చివరకు మంచుముక్కలు వేసి ఇస్తే జనం ఎగబడ్డారట. ఈ కథలో సగమే నిజం. 1879లో వెలువడిన వర్జీనియా వంటల పుస్తకంలోనే చల్లని తేనీటి విధానం ఉన్నది. కనుక దానిని ఆయన కనిపెట్టలేదు. కాని దానికి ప్రచారం కల్పించిన ఆ బ్లెచిండెన్ ఎవరి తరఫున అక్కడ నిలబడ్డాడో చూడవలెను. ఆయన భారత తేయాకు ప్రచార బాధ్యుడు. కర్జన్ ప్రభువు కాలంలో, 1903లో, ఇక్కడి నుంచి ఎగుమతి అయ్యే తేయాకుపై సుంకం విధించి, ఆ సొమ్ముతో తేయాకు ప్రచారం జరపడానికి చట్టం చేశారు. అమెరికావాని గ్లాసులో మంచుముక్క వేసిన చేయి ఆంగ్లేయునిదే. కాని ఆకు మాత్రం మన నేలది.

ఆ ఆకు కోసిన చేతులు ఎవరివి? అస్సాం తోటలకు ఒప్పందపు కూలీలుగా ఛోటానాగ్‌పూర్ ఆదివాసులే కాక, అప్పటి మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల వారు కూడా తరలింపబడ్డారు. తెలుగు మూలాలున్న కుటుంబాలు నేటికీ అస్సాం తోటలలో ఉన్నాయి. ఆ రాష్ట్రంలోని బ్రహ్మపుత్ర లోయలో తోట కార్మికుని రోజుకూలి 2023 అక్టోబరులో 250 రూపాయలకు పెరిగినప్పుడు, దానిని పెద్ద పెంపుగా చెప్పుకున్నారు. పెరిగినది 18 రూపాయలు.

ఇక చిన్న రైతుల మాట. నేడు దేశంలో తయారయ్యే తేయాకులో సగానికి పైగా పెద్ద తోటలది కాదు; కొద్దిపాటి కమతాలలో సాగుచేసే చిన్న రైతులది. వారు పచ్చి ఆకును కోసి ఫ్యాక్టరీలకు అమ్ముతారు. దాదాపు నాలుగున్నర కిలోల పచ్చి ఆకు నుంచి ఒక కిలో పొడి వస్తుంది. ఆ పచ్చి ఆకు ధర సాగుఖర్చుకు కూడా చాలడం లేదని 2023లో నీలగిరి కొండలలో చిన్న రైతులు మద్దతు ధర కోరుతూ రిలే నిరాహార దీక్షలు జరిపారు. వారి మొర ఢిల్లీ చెవికి అంతంతమాత్రంగానే సోకినది. ఆ మరుసటి ఏడాది ప్రకృతి కూడా తోడైనది. 2023లో సుమారు 139 కోట్ల కిలోలున్న దేశపు తేయాకు ఉత్పత్తి 2024లో దాదాపు 128 కోట్ల కిలోలకు పడిపోయినది. తేయాకుకు వచ్చిన ప్రతి రూపాయిలో ఆకుకు ఎంత, చక్కెరకు ఎంత, ప్రకటనకు ఎంత అన్న లెక్క ఈ రైతుకు ప్రాణసమానమైనది.

విచిత్రమేమంటే, చల్లని తేనీటికి ప్రశస్తమైన ఆకు ఆ నీలగిరి కొండలలోనే పండుతున్నది. మన దేశంలో తయారయ్యే తేయాకులో అత్యధిక భాగం చిన్న చిన్న గుళికలుగా ఉండే సీటీసీ రకం. పాలు, చక్కెర పోసి మరిగించే చాయ్‌కి అది సాటిలేనిది. చల్లబరిస్తే మాత్రం తొందరగా మసకబారుతుంది. తేయాకులోని కెఫీను, వగరు పదార్థాలు వేడినీటిలో విడివిడిగా కరిగి ఉంటాయి. నీరు చల్లబడగానే అవి ఒకదానితో ఒకటి జతకట్టి తేనీటిని మసకబరుస్తాయి. అది పాడైనదని అర్థం కాదు. కాస్త మరుగునీరు కలిపితే మళ్లీ తేటపడుతుంది. ఆకు రూపం చెడకుండా చుట్టి ఆరబెట్టే ఆర్థొడాక్స్ రకం, అందులోనూ నీలగిరి ఆకు, చల్లబడినా తేటగా నిలుస్తుందని పేరు.

ఇంట్లో తయారుచేయడం కష్టమా? కానేకాదు. లీటరు కాచి చల్లార్చిన నీటిలో పది, పన్నెండు గ్రాముల ఆకు వేసి, మూతపెట్టి, రాత్రి ఫ్రిజ్‌లో ఉంచితే ఉదయానికి తేనీరు సిద్ధం. ఎనిమిది గంటలు చాలును. చల్లనీటిలో వగరు తక్కువగా దిగుతుంది గనుక అది మసకబారదు, చక్కెర కూడా ఎక్కువ అడగదు. అంత ఓపిక లేనివారు అర లీటరు మరిగిన నీటిలో అంతే ఆకు వేసి, నాలుగు నిమిషాలకే వడగట్టవలెను. ఆకును అందులోనే వదిలివేస్తే చేదు దిగుతుంది. వడగట్టిన నీటిని గది వేడికి దిగనిచ్చి, ఆ తరువాతనే చన్నీరు, మంచు కలిపి లీటరు చేసుకోవలెను. వేడి వేడిగా ఫ్రిజ్‌లోకి నెట్టినవారికి ముందు చెప్పిన మసక దర్శనమిస్తుంది. ఢిల్లీలో అనేక ఇళ్లకు వచ్చే కఠినజలం వలన కూడా తేనీటి మీద తెట్టు కడుతుంది. నాలుగు చుక్కల నిమ్మరసం ఆ తెట్టును విరిచి, రంగును బంగారువన్నెకు తెస్తుంది.

చక్కెర చన్నీటిలో తొందరగా కరగదు. అందువలన సమపాళ్లలో నీరు, చక్కెర వేడిచేసి పలుచని పాకం ఉంచుకొని, ఎవరికి కావలసినంత వారు కలుపుకోవడం మేలు. సీసాలో ఆ స్వేచ్ఛ లేదు. అక్కడ మీ తీపిని ఎవరో ముందే నిర్ణయించి ఉంచారు.

పండ్ల విషయంలో సూత్రం ఒక్కటే. రసాన్ని తేనీటితో కలిపి మరిగించరాదు. చల్లబడిన తరువాతనే చేర్చవలెను. మరిగిస్తే పరిమళం ఆవిరితో పోతుంది. ఢిల్లీవాసులకు ఫాల్సా ఉన్నది. కొద్దిగా ఉప్పు చల్లి, చేతితో పిసికి, వడగట్టితే ఊదారంగు పులుపు దిగుతుంది. జూన్‌లో బీహారులోని ముజఫర్‌పూర్ లిచీ వస్తుంది. గింజ తీసి నలిపి వేస్తే చక్కెర అవసరమే ఉండదు. మన వైపువారికి బత్తాయి, నేరేడు, దానిమ్మ ఉండనే ఉన్నాయి. ఉడికించిన పచ్చిమామిడి గుజ్జు, చిటికెడు వేయించిన జీలకర్ర పొడి కలిపితే ఉత్తరాది ఆమ్ పన్నాకూ దక్షిణాది తేయాకుకూ సంధి కుదిరినట్లే. అన్నింటికన్నా తేలికైనది నిమ్మ. గూడూరు మార్కెట్టు నుంచి నిమ్మకాయలు ఢిల్లీ దాకా వస్తున్నాయి. 2022 ఏప్రిల్‌లో ఇక్కడ కిలో నిమ్మకాయల ధర 300 రూపాయలు దాటినప్పుడు రాజధాని ఆ కాయ విలువను గుర్తించినది. ఆ ధరలో తోట యజమానికి దక్కినదెంత అన్నది వేరొక ఉత్తరానికి తగిన విషయం.

రెండు జాగ్రత్తలు చెప్పక తప్పదు. మొదటిది మంచు. బజారులో చేపలు నిలవచేయడానికి వాడే మంచుదిమ్మల ముక్కలు గ్లాసులో వేయరాదు. తాగే నీటితో ఇంట్లో గడ్డకట్టించినదే వాడవలెను. పండు కలిపిన తేనీటిని ఆ రోజే తాగివేయవలెను. రెండవది అంతకంటె ముఖ్యమైనది. తేయాకులోని వగరు పదార్థాలు ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 సంవత్సరాల స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనులు. కనుక భోజనంతో పాటు తేనీరు తాగడం, అది వేడిదైనా చల్లనిదైనా, తగదు. గంట ఎడం ఉండవలెను. నిమ్మరసం ఆ దోషాన్ని కొంత తగ్గిస్తుంది. పసిపిల్లలకు ఈ పానీయం అక్కరలేదు. వారికి పండే ఇవ్వవచ్చును.

సీసా కొనవద్దని ఎవరినీ శాసించడం ఈ లేఖ ఉద్దేశం కాదు. కొనేటప్పుడు బొమ్మను కాక, వెనుక చిన్న అక్షరాలలో ఉన్న పదార్థాల పట్టికను చూడవలసినదని మాత్రమే మనవి. ఎక్కువ బరువున్న పదార్థం ముందు, తక్కువది తరువాత రావలెనని నిబంధన ఉన్నది. నీటి తరువాత చక్కెర, ఎక్కడో దిగువన తేయాకు ఉంటే, మీరు కొన్నది ఏమిటో ఆ పట్టికే చెబుతుంది. చక్కెర, ఉప్పు, కొవ్వుల హెచ్చరిక ప్యాకెట్టు ముందు వైపునే కనబడవలెనన్న వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వానికి మూడు నెలల గడువు ఇచ్చినది. ఆ తరువాత గడువు పొడిగింపబడినది. మన దేశంలో గడువులకు ఉన్న ఆయుర్దాయం సీసాలోని పానీయానికి కూడా లేదు కాబోలు!

నూట ఇరవై సంవత్సరాల కిందట మన ఆకును చల్లబరచి అమెరికావారికి రుచి చూపారు. నేడు అదే ఆకు పేరు సీసా మీద ముద్రింపబడి, లోపల ఎక్కువగా చక్కెరనీరై మన చేతికే వస్తున్నది. పేర్ల దుర్వినియోగాన్ని ప్రభుత్వం అరికట్టవలసినదే. అది ఆలస్యంగానైనా మొదలైనది. కాని నీలగిరి రైతు ఆకు, ముజఫర్‌పూర్ లిచీ, గూడూరు నిమ్మ మన ఇంటి గ్లాసులోకి నేరుగా రావడానికి ఏ ఉత్తర్వూ అక్కరలేదు. రాత్రి పడుకోబోయే ముందు లీటరు నీటిలో రెండు చెంచాల ఆకు వేసే ఓపిక ఉంటే చాలును.