చవక పిస్తోలు: మకరోవ్ సంగతి

1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక తూర్పు ఐరోపా సైన్యాల మిగులు పిస్తోళ్లు అమెరికా దుకాణాలకు చేరాయి. వాటిలో పేరుపడ్డది మకరోవ్. 1951లో సోవియట్ సైన్యం స్వీకరించినది; ఎనిమిది తూటాలు, ఖాళీగా సుమారు 730 గ్రాములు. భాగాలు తక్కువ గనుక చెడడమూ తక్కువే.

కొనేవారు పైమెరుగు చూస్తారు, చూడవలసింది గొట్టంలోని తుప్పు! మరో తికమక, కొలత. తొమ్మిది మిల్లీమీటర్లంటారు గాని దీని గుండు 9.27. నాటో సైన్యాలు వాడే తొమ్మిది మిల్లీమీటర్ల తూటా ఇందులో వాడకూడదు.

అమెరికా కథ మన దగ్గర చెల్లదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. 2019 సవరణ తర్వాత మామూలుగా ఒకరికి రెండు తుపాకులే. బళ్లారిలో కొన్నా, బరంపురంలో కొన్నా ఇదే చట్టం.