షుగరు ‘బోర్డర్’లో ఉందా? మాత్ర తోడే గాని బదులు కాదు

“షుగరు ఇంకా రాలేదట, బోర్డర్‌లో ఉందట.” ఈ మాట ఇప్పుడు మన ఇళ్లలో తరచుగా వినబడుతోంది. కొందరు “రాలేదట” అన్నంత వరకే విని, వలీమా విందులో మరో కప్పు మీఠా వడ్డించుకుంటారు. కొందరు “బోర్డర్” అనగానే బెదిరిపోయి తిండి మానేస్తారు. డాక్టరు మాత్ర కూడా రాస్తే మరో చిక్కు. “జబ్బే రానప్పుడు మందెందుకు?” అని చీటీని బీరువాలో పడేసేవారు కొందరు. “మాత్ర వేసుకుంటున్నాం కదా, ఏం తిన్నా ఫరవాలేదు” అనుకునేవారు మరికొందరు. ఈ ఇద్దరికీ నష్టమే.

ఏమిటీ బోర్డర్?

పరగడుపున చేసిన పరీక్షలో డెసిలీటరు రక్తానికి చక్కెర 100 నుంచి 125 మిల్లీగ్రాములు ఉన్నా, గ్లూకోజు తాగిన రెండు గంటలకు 140 నుంచి 199 ఉన్నా అది మధుమేహానికి ముందు దశ. మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 5.7 నుంచి 6.4 శాతం రావడమూ ఇదే కోవలోకి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం పరగడుపు లెక్కను 110 నుంచి మొదలుపెడుతుంది.

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో సాగిన అధ్యయనం 2023లో వెలువడింది. దాని ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల 10 లక్షలు కాగా, ఈ ముందు దశలో ఉన్నవారు 13 కోట్ల 60 లక్షలు. వీరందరికీ షుగరు వచ్చి తీరుతుందని కాదు. కొందరు వెనక్కి మళ్లి మామూలు స్థితికి చేరతారు. కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉంటారు. తక్కినవారు హద్దు దాటుతారు. అందుకే ఈ దశను ఒక గడువుగా భావించాలి.

పరిశోధనలు ఏం తేల్చాయి?

అమెరికాలో 3,234 మందిపై జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. ఒక వర్గం వారు శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు వ్యాయామం చేయడం లక్ష్యంగా పెట్టుకున్నారు. వారిలో షుగరు వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వాడిన వర్గంలో 31 శాతం తగ్గింది.

మరి మనవాళ్ల సంగతి? చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మందిని పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించింది. ఆహార, వ్యాయామ నియమాలతో ముప్పు 28.5 శాతం, మాత్రతో 26.4 శాతం తగ్గింది. మొదటి రోజు నుంచే రెండూ కలిపి పాటించినవారిలో తగ్గింది 28.2 శాతమే. అంటే రెంటినీ ఒకేసారి మొదలుపెట్టినంత మాత్రాన రెట్టింపు మేలు కలగలేదు.

2016లో వెలువడిన మరో చెన్నై అధ్యయనం వేరే దారి పట్టింది. 578 మంది అందులో పాల్గొన్నారు. నియమాల వర్గానికి ముందు తిండి, నడక నేర్పారు. కొన్ని నెలలు చూసి, అవి చాలనివారికే మెట్‌ఫార్మిన్ జతచేశారు. మూడేళ్లలో ఆ వర్గంలో ముప్పు 32 శాతం తగ్గింది. అయితే వారిలో నూటికి 72 మందికి మాత్ర అవసరమైంది. కాబట్టి నియమంగా ఉన్నా మాత్ర రాశారంటే అది ఓటమి కాదు, సిగ్గుపడవలసిన విషయమూ కాదు.

మాత్ర ఎవరికి?

బోర్డర్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ మాత్ర అక్కరలేదు. 60 ఏళ్లలోపు వయసుండి బాగా లావుగా ఉన్నవారికి, పరగడుపు చక్కెర 110 దాటినవారికి, హెచ్‌బీఏ1సీ 6 శాతం, ఆపైన ఉన్నవారికి, గర్భంతో ఉన్నప్పుడు షుగరు వచ్చిన స్త్రీలకు డాక్టర్లు దీని గురించి ఎక్కువగా ఆలోచిస్తారు. ఆడపిల్లకు సంబంధాలు చెడతాయని, కోడలికి మాట వస్తుందని ఈ సంగతులు దాచే ఇళ్లు మనలో ఉన్నాయి. డాక్టరు దగ్గర కూడా దాస్తే ఆ బిడ్డకే కీడు.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. మొదట్లో వికారం, విరేచనాలు కలగవచ్చు. భోజనంతో కలిపి వేసుకుంటే, మోతాదు మెల్లగా పెంచితే చాలామందికి సర్దుకుంటాయి. ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 విటమిన్ తగ్గవచ్చు. మూత్రపిండాల పరీక్ష చేయించుకోవాలి. పక్కింటివారి చీటీ చూసి మందు కొనడం మాత్రం పనికిరాదు.

పళ్లెం, నడక

దావత్‌కు వెళ్లవద్దని ఎవరూ అనరు. బగారా అన్నం తగ్గించి, కూర, పప్పు, పచ్చికూరలు పెంచవచ్చు. ఖుర్బానీ కా మీఠా రెండు చెంచాలతో ఆపవచ్చు. రోజుకు నాలుగుసార్లు చక్కెర చాయ్, దానితో బిస్కట్లు తీసుకునే ఇంట్లో ముందుగా మార్చవలసింది అదే. ఒక్కరికోసం వేరే వంట చేస్తే అది వారం నిలవదు. ఇంటిల్లిపాదీ మారితేనే నిలుస్తుంది.

నమాజు ఆరాధన. దానిని వ్యాయామం కింద లెక్కగట్టి నడక మానుకోవడం సరికాదు. మసీదుకు బండి మీద కాకుండా చురుకుగా నడిచి వెళితే ఆ నడక లెక్కలోకి వస్తుంది. బయట నడిచే వీలులేని స్త్రీలకు మేడ మీదనో, వాకిట్లోనో రోజుకు అరగంట కేటాయించడం ఇంటివారి బాధ్యత.

రంజాన్ నెలలో

రోజా ఉండేవారు నెల ముందే డాక్టరును కలవాలి. రెండు పూటల మాత్రను ఇఫ్తార్, సహరీ వేళలకు మార్చడం సాధారణంగా వీలవుతుంది. ఇతర షుగరు మందులు కూడా వాడేవారికి లెక్క వేరు. వేలు గుచ్చి రక్తపరీక్ష చేసుకుంటే రోజా భంగం కాదని చాలామంది ఉలమాలు చెబుతున్నారు. అసలు చిక్కు ఇఫ్తార్ తర్వాతే. ఖర్జూరం ఒకటి రెండు చాలు. షర్బత్తు, సమోసా, హలీమ్ ఒకదాని వెంట ఒకటి వరుస కడితే ఏ మాత్రా కాపాడలేదు.

“అల్లాహ్ చూసుకుంటాడు” అని చీటీని పక్కన పెట్టడం తవక్కుల్ కాదు. ఆరోగ్యం మనకు అప్పగించబడిన అమానత్. ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు అడుగుదాం: నాకు మాత్ర ఎందుకు అవసరం? మళ్లీ పరీక్ష ఎప్పుడు? బరువు తగ్గి చక్కెర మామూలైతే మాత్ర ఆపవచ్చా? జవాబు చీటీ మీదే రాయించుకుందాం.