ఇంటి కంప్యూటరునకు యజమాని యెవరు?

2025 సంవత్సరము అక్టోబరు 14వ తేదీన మైక్రోసాఫ్టు కంపెనీవారు తమ ‘విండోస్ 10’ అను సాఫ్ట్‌వేరునకు సామాన్య పోషణమును నిలిపివేసిరి. 2015 జూలై 29వ తేదీన వెలువడినది మొదలు పది సంవత్సరములకు పైగా నది మన గృహములలోను, దుకాణములలోను, వకీళ్ల గదులలోను, విద్యార్థుల బల్లలమీదను మెలగినది. పోషణము నిలిచిన మరునాడు గూడ ఆ కంప్యూటరులు యథాప్రకారము పనిచేసినవి. తెర ఆరిపోలేదు, ఫైళ్లు చెడలేదు. కావుననే పలువురు గృహస్థు లీ విషయమును పట్టించుకొనలేదు. మరికొందరు దుకాణదారుని మాటపై మంచి యంత్రమును మూలకు నెట్టి క్రొత్తదానిని కొనితెచ్చిరి. మొదటివారిది అజాగ్రత్త, రెండవవారిది తొందరపాటు.

పట్టా యెవరి పేర నున్నదో, సరిహద్దులేవో తెలిసికొనక పొలమును కొనువా డుండడు. కాని వేలకొలది రూపాయలు పోసి కొన్న కంప్యూటరులో నేమి యున్నది, దానిని పెట్టినవా రెవరు, అది చెడినచో మన పత్రము లేమగునను ప్రశ్నలను వేసికొనువారు మిక్కిలి అరుదు. వెల యిచ్చినంతమాత్రమున యాజమాన్యము సిద్ధింపదు. యంత్రములోని వ్యవహారము నెఱిగి, తన పత్రములను తన చేతిలో నుంచుకొన్న నాడే యది సార్థకమగును. ఇందులకు శాస్త్రపాండిత్య మక్కరలేదు. వేలకొలది రూపాయల వ్యయమును అక్కరలేదు. కొన్ని మంచి అలవాటులు, కొన్ని మంచి పరికరములు చాలును.

నిలిచిపోయిన దేమి?

పోషణము నిలిచినదనగా భద్రతకు సంబంధించిన సవరణలు నిలిచినవని యర్థము. ఏ సాఫ్ట్‌వేరునందైనను లోపము లుండును. అవి బయటపడినప్పుడెల్ల చేసినవారు అతుకులు వేయుచుందురు. అతుకు పడని గోడకు కన్నము వేయుట దొంగకు సులభము. 2017 మే 12వ తేదీన ‘వన్నాక్రై’ అను దుష్టసాఫ్ట్‌వేరు ప్రపంచమున నూటయేబదికి పైగా దేశములలో వ్యాపించి, ఫైళ్లకు తాళము వేసి, విడుదలకు సొమ్ము చెల్లింపుమని బెదరించినది. ఇంగ్లండు వైద్యాలయములు స్తంభించినవి. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటరులును కొన్ని దానివాత పడినవి. అది దూరిన కన్నమును పూడ్చు సవరణను మైక్రోసాఫ్టువారు ఆ సంవత్సరము మార్చి 14వ తేదీననే విడుదల చేసియుండిరి. రెండు నెలలపాటు దానిని వేసికొననివారే ప్రధానముగా నష్టపడిరి. సవరణ వచ్చినదని యంత్రము తెలిపినప్పుడు ‘తరువాత చూతము’ అని మీట నొక్కువా రీ యుదంతమును మరువరాదు.

విండోస్ 10 గలవారికి మూడు మార్గములు కానవచ్చుచున్నవి. మొదటిది, తమ యంత్రము విండోస్ 11నకు తగినదో కాదో పరీక్షించుకొనుట. దానికి 4 గిగాబైట్ల స్మృతి, 64 గిగాబైట్ల నిల్వ, ‘టీపీఎం 2.0’ అను రక్షణభాగము, అంగీకృతమైన ప్రాసెసరు కావలెను. మైక్రోసాఫ్టువారి ‘పీసీ హెల్త్ చెక్’ అను చిన్న పరికరమే యీ సంగతిని తేల్చి చెప్పును. తగినదైనచో క్రొత్త కూర్పును ఉచితముగనే పొందవచ్చును. రెండవది అదనపు గడువు. నమోదు చేసికొన్న గృహస్థులకు 2026 అక్టోబరు 13వరకు భద్రతా సవరణ లిత్తుమని కంపెనీవారు ప్రకటించిరి. ఇది వాయిదాయే గాని పరిష్కారము కాదు. మూడవది, ‘లినక్సు’ను ఆశ్రయించుట. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు ఆరంభించిన యీ వ్యవస్థ నేడు ప్రపంచమునందలి సర్వరులలో నధికభాగమును నడుపుచున్నది. ‘లినక్సు మింట్’ అను దాని రూపము విండోస్ అలవాటైనవారికి కొత్తగా తోచదు. పెన్‌డ్రైవులో నెక్కించి, లోపలి డిస్కును తాకకయే కొన్నిదినములు పరీక్షించి చూడవచ్చును. అయినను ఒక మాట: ట్యాలీ వంటి లెక్కల సాఫ్ట్‌వేరుపై ఆధారపడువారును, ఎలక్ట్రానిక్ సంతకపు టోకెనుతో పని గలవారును తమ యవసరమును ముందు సరిచూచుకొనిన పిమ్మటనే మారవలెను.

యంత్రము మందగించినదన్న మాత్రమున దానిని పారవేయనక్కరలేదు. పాత హార్డ్‌డిస్కును తీసి ‘ఎస్‌ఎస్‌డి’ని బిగించినచో పెక్కు యంత్రములు మరల చురుకుదనము పొందును. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కిన కానవచ్చు ‘టాస్క్ మేనేజరు’లో, యంత్రముతోపాటు మేల్కొను సాఫ్ట్‌వేరుల పట్టిక యుండును. అనవసరమైనవానిని అచ్చట నిలిపివేయవచ్చును. యంత్రమును శుభ్రపరచెదమని ప్రకటించు సాఫ్ట్‌వేరుల జోలికి పోకుండుటయే మేలు. 2017లో ‘సీక్లీనరు’ యొక్క ఒక కూర్పునందు దుండగులు విషము చేర్చగా, దాదాపు 22 లక్షల యంత్రములకు పైగా నది పోయి చేరెను.

దొంగసరకు, స్వేచ్ఛాసరకు

మన పట్టణములలో కంప్యూటరు కొనునప్పుడు, అడుగకుండగనే కొందరు దుకాణదారులు వెల చెల్లింపని సాఫ్ట్‌వేరును నింపి యిచ్చుట వాడుకయైపోయినది. తాళము విరిచిన సాఫ్ట్‌వేరు పనిచేయుటకై ముందుగా యాంటీవైరసును ఆపుమందురు. కాపలాకుక్కను కట్టివేయుమని చెప్పువానిని ఇంటిలోనికి రానిచ్చు గృహస్థుడు గలడా? ఇక్కడ మాత్రము రానిచ్చుచున్నాము. నీతిమాట యటుండనిండు, ఇది లాభసాటి బేరముగూడ కాదు.

అవసరమైన పనులన్నిటికిని న్యాయముగా, రూపాయి వ్యయము లేక లభించు పరికరములున్నవి. ఉత్తరములు, లెక్కల పట్టికలు, ఉపన్యాసచిత్రములు సిద్ధపరచుటకు ‘లిబ్రె ఆఫీసు’ కలదు. 2010లో ఏర్పడిన డాక్యుమెంట్ ఫౌండేషను దీనిని పోషించుచున్నది. ఇతరుల వర్డు, ఎక్సెలు ఫైళ్లను అది తెరవగలదు. పీడీఎఫ్ రూపమున నీయనుగలదు. పాటలకు, చలనచిత్రములకు ‘వీఎల్‌సీ’ చాలును. ప్యారిస్ నగర సమీపమున నొక యింజనీరింగు కళాశాల విద్యార్థులు 1996లో ఆరంభించిన ప్రయత్నమునుండి యది పుట్టినది. ఫైళ్లను కుదించి కట్టకట్టుటకు ‘సెవెన్ జిప్’, ఛాయాచిత్రముల దిద్దుబాటునకు ‘గింప్’, ఇంటర్నెట్టు వీక్షణమునకు ‘ఫైర్‌ఫాక్సు’ ఉన్నవి.

ఇవన్నియు ‘స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు’ కోవకు చెందినవి. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ఆరంభించిన ఉద్యమము దీనికి మూలము. వాడుకొనుటకు, పరిశీలించి మార్చుకొనుటకు, పదిమందికి పంచుటకు, మార్చినదానిని పంచుటకు సర్వులకు నధికారముండుటయే స్వేచ్ఛయని యాతని సిద్ధాంతము. వెల లేకుండుట దాని ఫలములలో నొకటి మాత్రమే. వెల లేనివన్నియు స్వేచ్ఛగలవి కావు. వెల యడుగని పెక్కు సాఫ్ట్‌వేరులు మన వివరములను అమ్ముకొని బ్రతుకుచున్నవి.

దింపుకొనునప్పుడు సాఫ్ట్‌వేరు చేసినవారి స్వంత స్థలమునుండియే దింపుకొనవలెను. వెదకినపుడు పైన కానవచ్చు ప్రకటనలు తరచు వేషధారులవిగా నుండును. నెక్కించునప్పుడు ప్రతి తెరను చదివి, అడుగక ముందే గుఱుతుపెట్టబడిన గడులను తుడిచివేసినచో, పిలువని చుట్టములు పెక్కుమంది తప్పిపోవుదురు.

తెలుగు వ్రాయుట

కంప్యూటరులో తెలుగు వ్రాయుట దుర్లభమన్న భ్రమ యింకను వదలలేదు. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పునందే తెలుగునకు 128 స్థానముల ప్రత్యేక విభాగ మేర్పడినది. యూనికోడులో వ్రాసినది ఏ యంత్రమునందైనను, ఏ ఫోనునందైనను తెలుగుగనే కానవచ్చును. విండోస్ అమరికలలో భాషల విభాగమునకు పోయి తెలుగును చేర్చిన చాలును. 2019 మే నాటి విండోస్ 10 కూర్పునుండి ఇంగ్లీషు అక్షరములతో ఉచ్చారణ ననుసరించి వ్రాయు పద్ధతియు నందే కలదు. ఎక్కువగా వ్రాయువారు ‘ఇన్‌స్క్రిప్టు’ పద్ధతి నభ్యసించుట మేలు. అందు అచ్చులొక చేతికి, హల్లులింకొక చేతికి వచ్చునట్లు మీటలు పంచబడియున్నవి. అదే యమరిక హిందీకిని, కన్నడమునకును, ఇతర భారతీయ లిపులకును చెల్లును. హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ సంస్థవారు లినక్సు వ్యవస్థనే తెలుగులోనికి తెచ్చుటకు కృషిచేసిరి.

ఇందొక చిక్కు కలదు. యూనికోడు వ్యాపింపకముందు మన ముద్రణాలయములలో వాడిన ‘అను’ మొదలగు అక్షరరూపములు ఇంగ్లీషు అక్షరముల స్థానములందు తెలుగు బొమ్మల నుంచినవి. ఆ అక్షరరూపము లేని యంత్రమున తెరచినచో మీ తండ్రిగారి రచనయైనను, వంశచరిత్రయైనను అర్థములేని గుర్తుల రాశిగా కానవచ్చును. అందు ఒక యూరి పేరును వెదకుటయు సాధ్యముకాదు. అట్టి ఫైళ్లు గలవారు, అవి తెరచుకొనుచున్న కాలముననే, మార్పిడి పరికరములద్వారా యూనికోడులోనికి మార్పించి, తప్పులు దిద్ది, ఒక పీడీఎఫ్ ప్రతినిగూడ తీసి యుంచుకొనవలెను. వ్రాసినవారు గతించిన పిమ్మట, ఆ యంత్రము చెడిన పిమ్మట చదివి చెప్పువా రుండరు.

విత్తనపు గాదె

పంట యెంత పండినను విత్తనములకు వేరుగా దాచని రైతు లేడు. కంప్యూటరులో మాత్రము పట్టాదారు పాసుపుస్తకపు ప్రతి, దస్తావేజులు, పిల్లల యోగ్యతాపత్రములు, పెండ్లి ఛాయాచిత్రములు అన్నియు ఒకే డిస్కునందు పోసియుంచుచున్నాము. డిస్కు లన్నియు నొకనాడు చెడిపోవునవియే.

ఛాయాచిత్రకారుడు పీటర్ క్రోఘ్ ప్రచారమునకు తెచ్చిన ‘మూడు–రెండు–ఒకటి’ నియమము గృహస్థులకు మిక్కిలి యనుకూలము. ముఖ్యమైన ప్రతి ఫైలునకు మూడు ప్రతులుండవలెను. అవి రెండువిధములైన సాధనములపై నుండవలెను. వానిలో నొకటి యింటికి వెలుపల నుండవలెను. ఒకటి కంప్యూటరులో నుండగా, రెండవదానిని వెలుపలి డిస్కునందు, మూడవదానిని వేరొక యూరనున్న బంధువు నింటనో, ఇంటర్నెట్టు నిల్వయందో ఉంచవచ్చును. వెలుపలి డిస్కును నకలు తీసిన వెంటనే ఊడదీయవలెను. తగిలించియుంచినచో తాళమువేయు దుష్టసాఫ్ట్‌వేరు దానినిగూడ పట్టుకొనును. ఇంటర్నెట్టు నిల్వతో ఫైళ్ల ననుసంధించుట నకలు తీయుటతో సమానము కాదు. ఇచ్చట పొరపాటున తుడిచినది అచ్చటను తుడిచిపోవును. ఆరునెలల కొకసారి నకలునుండి ఒకటిరెండు ఫైళ్లను తెరచి సరిచూడవలెను. పరీక్షింపని విత్తనము మొలచునను నమ్మక మెవరి కుండును?

ఫైళ్ల పేర్లకు ముందు సంవత్సరము, నెల, తేదీ వరుసగా నుంచినచో, అవి తమంతతామే కాలక్రమమున నమరును. ‘2024-06-15 పొలము కౌలు’ అని యున్న ఫైలును పది సంవత్సరముల పిమ్మట మనుమడైనను గుర్తింపగలడు.

తాళములు, తలుపులు

ఒకే పాస్‌వర్డును బ్యాంకునకు, ఉత్తరములకు, అంగడికి వాడుట ఊరంతటి కొకే తాళపుచెవి యిచ్చుటవంటిది. ‘కీపాస్ ఎక్స్‌సీ’, ‘బిట్‌వార్డెన్’ అను పరికరములు ప్రతి స్థలమునకు వేరొక కఠినమైన పాస్‌వర్డును కల్పించి భద్రపరచును. మొదటిది మన యంత్రములోని గూఢఫైలులోనే యుంచును. రెండవది పెక్కు యంత్రములకు నందుబాటులో నుంచును. మనము గుర్తుంచుకొనవలసిన దొక్క పాస్‌వర్డు మాత్రమే. దానిని కాగితముపై వ్రాసి దస్తావేజులతోపాటు బీరువాలో నుంచుట తప్పుకాదు. ఉత్తరముల ఖాతాకు రెండంచెల పరీక్షను తప్పక పెట్టుకొనవలెను. ఇతర ఖాతాల పాస్‌వర్డులను మార్చు త్రోవ తరచుగా నాద్వారముననే యుండును.

‘ఎనీడెస్కు’, ‘టీమ్ వ్యూయరు’ అనునవి దూరమునుండి మరియొకరి యంత్రమును నడుపుటకు ఉద్దేశింపబడిన న్యాయమైన పరికరములే. విదేశమునున్న కుమారుడు తల్లిదండ్రుల కంప్యూటరును సరిదిద్దుట కవి యెంతయు నుపయోగించును. బ్యాంకు ఉద్యోగులమని ఫోను చేసి వానిని నెక్కించుకొనుమని చెప్పువాడు మాత్రము మోసగాడు. అట్లు సొమ్ము పోయినచో సిగ్గుపడి జాగుచేయక, వెంటనే 1930 అను జాతీయ సహాయ సంఖ్యకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన, సొమ్ము నిలుచుట కంత యవకాశముండును.

అయిదు మీటలు

నిత్యమును ఉపకరించు కొన్ని మీటల నిచ్చట సూచించుచున్నాము. కంట్రోల్‌తో జెడ్ నొక్కిన కడపటి పొరపాటు సరియగును. కంట్రోల్, షిఫ్ట్, టీ నొక్కిన పొరపాటున మూసిన ఇంటర్నెట్టు పుట మరల తెరచుకొనును. విండోస్ మీటతో షిఫ్ట్, ఎస్ నొక్కిన తెరలో కావలసినంత భాగమును చిత్రముగా తీయవచ్చును. రసీదులను భద్రపరచుట కిది మేలైన యుపాయము. విండోస్ మీటతో వీ నొక్కిన, మునుపు నకలుచేసిన పంక్తులు కొన్ని వరుసగా కానవచ్చును. పాస్‌వర్డులు గూడ నచ్చట మిగిలియుండవచ్చును గాన అప్పుడప్పుడు తుడిచివేయుట మంచిది. బల్లవద్దనుండి లేచునప్పుడు విండోస్ మీటతో ఎల్ నొక్కిన యంత్రమునకు తాళము పడును.

ఇంత యెవరు చేయుదురని కొందరనవచ్చును. దినమున కొకటి చొప్పున చేసినచో వారము పట్టును. అన్నిటికంటె ముందు చేయవలసినది నకలు తీయుట. తక్కినవి తరువాత మెల్లగా జరుగవచ్చును. ఈ పనిని అంగడివానికి గాని, ఇంటిలో నొక్క కుఱ్ఱవానికి గాని అప్పగింపక, గృహిణితోను, వృద్ధులతోను గలసి కూర్చుండి చేయవలెనని మా మనవి. ఏ పత్ర మెచ్చట నున్నదో, ఏ తాళపుచెవి యెచ్చట దాగినదో ఇంట నిద్దరికైనను తెలిసియుండవలెను. ఆ యెఱిగినవా డొకనాడు లేకపోయినను ఇంటి పత్రములు ఇంటివారి చేతికి దక్కవలెను గదా!