సలహా – వాక్యపరీక్ష

ఇంటర్మీడియట్ చదివే విద్యార్థికి సలహాలకు కొదవ లేదు. బంధువులు చెప్పేది ఒకటి, కరపత్రాలు చెప్పేది మరొకటి. సెల్‌ఫోన్‌లో కనిపించే రాతలు లెక్కకు మిక్కిలి. వాటిలో మంచివీ ఉన్నాయి; ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో తెలియని అరకొర రాతలూ ఉన్నాయి. భాషలోని గజిబిజి తరచుగా ఆలోచనలోని గజిబిజికి గుర్తు. కాబట్టి సలహాను పాటించడానికి ముందు దాని వాక్యాలను పరీక్షించాలి.

పదాల సమూహం వాక్యం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు గుణాలు ఉండాలని ప్రాచీన శాస్త్రకారులు నిర్ణయించారు. ఒక పదం వినగానే దాన్ని పూరించే మరో పదం కోసం కలిగే అపేక్ష ఆకాంక్ష. పదాల అర్థాలు పరస్పరం పొసగడం యోగ్యత. పదాలు ఎడం లేకుండా వెంటవెంటనే రావడం సన్నిధి. ఈ మూడింటినీ సలహాకు కూడా కొలతలుగా వాడుకోవచ్చు.

‘ఈ కోర్సుకు మంచి స్కోప్ ఉంది’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఎవరికి? ఎక్కడ? ఏ అర్హతతో? ఎంత ఖర్చుతో? వీటిలో ఒక్క ప్రశ్నకూ ఆ వాక్యంలో జవాబు లేదు. ‘ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు వారైనా సి.ఏ. ఫౌండేషన్ పరీక్ష రాయవచ్చు’ అన్నప్పుడు అర్హత తేటతెల్లమవుతుంది. హెచ్.ఇ.సి. విద్యార్థికి కూడా అది పనికివచ్చే సమాచారం.

‘నిప్పుతో తడిపాడు’ అనే మాటలో యోగ్యత లేదు. తడిపే గుణం నిప్పుకు లేదు కదా! ‘ఈ శిక్షణ పొందితే ఉద్యోగం నూటికి నూరుపాళ్లు ఖాయం’ అనే హామీ కూడా అటువంటిదే. శిక్షణ నైపుణ్యాన్ని ఇవ్వగలదు. ఉద్యోగమైతే ఖాళీల సంఖ్య, పోటీ, ఎంపిక విధానం మీద ఆధారపడుతుంది.

మూడవది సన్నిధి. సలహాకూ వర్తమానానికీ మధ్య కాలం ఎడమైతే ఒకనాటి నిజం నేడు అబద్ధమవుతుంది. ఒకప్పుడు ఎంసెట్ ర్యాంకుతో ఎం.బి.బి.ఎస్. సీటు లభించేది. 2017 నుండి రెండు తెలుగు రాష్ట్రాలలోనూ అందుకు నీట్ రాయవలసిందే. అలాగే, జాతీయ రక్షణ అకాడమీ అబ్బాయిలకు మాత్రమేనన్నది పాత మాట. 2021లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో అమ్మాయిలు ప్రవేశపరీక్ష రాశారు. 2022లో వారి తొలి బృందం అకాడమీలో చేరింది. పాత సలహాను నమ్మిన అమ్మాయి దరఖాస్తు కూడా చేయదు. వయోపరిమితి దాటిన తరువాత నిజం తెలిసినా ఆ అవకాశం తిరిగిరాదు.

అందుచేత ఏ సలహానైనా సంబంధిత సంస్థ వెలువరించిన తాజా ప్రకటనతో సరిచూడాలి. అర్హత, వయస్సు, రుసుము, చివరి తేదీ – ఈ నాలుగింటినీ స్వయంగా చదివి రాసుకోవాలి. తరగతిలో వాక్యాన్ని విశ్లేషించడం నేర్చిన విద్యార్థికి ఇది కొత్త విద్య కాదు. పద్యార్థం తెలుసుకోవడానికి చూపే శ్రద్ధనే తన భవిష్యత్తుకు సంబంధించిన వాక్యం మీదా చూపితే చాలు.