పిట్ట పేరు మనదే

దసరాకు వారం ముందు ఓ పొద్దున, పెద్ద అంబర్‌పేట్‌లోని మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ తువ్వాలులో ఏదో పట్టుకొచ్చాడు.

"అద్దానికి కొట్టుకొని పడ్డది సార్. దీనికి గిన్ని రంగులు ఎవరేసిండ్రు?"

విప్పితే పిడికెడంత పక్షి. ఆకుపచ్చ వీపు, రెక్క మీద మెరిసే నీలం, కంటి మీదుగా కాటుక గీత, మొండి తోక కింద కుంకుమ. హిందీవాళ్లు దీన్ని నవరంగ్ అంటారు. పొద్దున ఆరింటికి, మళ్లీ సాయంత్రం ఆరింటికి కూస్తుందని తమిళులు ఆరుమణి కురువి అన్నారు. శాస్త్రంలో దీని పేరు పిట్టా బ్రాకియూరా. రెండో మాట గ్రీకు, పొట్టి తోకది అని అర్థం. మొదటిది ఎక్కడిదో చెప్పాలా? 1816లో వియో అనే ఫ్రెంచి పక్షి శాస్త్రవేత్త ఈ ప్రజాతికి మన తెలుగు మాటనే ఖాయం చేశాడు. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా దీని చుట్టాలన్నీ ఇప్పుడు పిట్టలే. మనకేమో పిట్టకథ, పిట్టగోడ, పిట్టలదొర... అన్నిట్లోనూ చిన్నచూపే.

కోడిగుడ్డంత బరువుండే ఈ పక్షి హిమాలయాల దిగువ అడవుల్లోనూ మధ్య భారతంలోనూ పిల్లల్ని పెంచి, చలి రాకముందే దక్షిణాదికి, శ్రీలంకకు బయలుదేరుతుంది. ప్రయాణం రాత్రిళ్లే. హైదరాబాద్ దానికి నడుమ మజిలీ. తెల్లారేసరికి కింద చెట్ల గుంపు కనిపిస్తే దిగుతుంది. దిగాలంటే చెట్లొక్కటే చాలవు, నేల మీద రాలిన ఆకులూ ఉండాలి. వాటిని ముక్కుతో తిరగేసి పురుగుల్ని ఏరుకోవడమే దాని భోజనం. రోజూ చీపురుతో అద్దంలా చిమ్మేసే కాలనీ పార్కులో దానికి పస్తే. చెత్త అనుకుని మనం ఊడ్చేది దాని వంటిల్లు.

ఊడ్వని నేల మాకు దగ్గర్లోనే ఉంది. హయత్‌నగర్ దాటి ఎల్బీ నగర్ వైపు వెళ్తుంటే ఎడమ చేతి పక్కన మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాం వేటస్థలం. మహావీరుడి 2500వ నిర్వాణ వత్సరం గుర్తుగా 1975లో ఆ పేరు వచ్చింది, 1994లో జాతీయ పార్కు అయింది. దాదాపు 3,600 ఎకరాలు. కృష్ణజింకల కోసం కాపాడిన తుమ్మలూ వేపలూ గడ్డీ వలస పక్షులకూ అక్కరకొచ్చాయి. వానలతో పాటు ఆఫ్రికా నుంచి చాతకం వస్తుంది. ఆ తర్వాత మధ్య ఆసియా నుంచి గులాబీ గోరింకల దండు. ఇక హిమాలయాల అవతలి నుంచి వచ్చే ఆకుపచ్చ వార్బ్లర్ ఎనిమిది గ్రాములుంటే గొప్ప. ఆకుల్లో ఆకులా కలిసిపోతుంది, గొంతును బట్టి పోల్చుకోవాల్సిందే. బైనాక్యులర్ కన్నా ముందు చెవులు కావాలనేది అందుకే. పదిచోట్ల తిరిగేకన్నా ఒక్క చెట్టు కింద అరగంట కదలకుండా నిలబడటం మేలు.

ఈ నగరంలో పక్షుల్ని చూసేవాళ్లు 1980లోనే సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడది డెక్కన్ బర్డర్స్. వాళ్ల వార్తాపత్రం పేరు కూడా 'పిట్ట'.

వలసలు జోరుగా సాగే రోజుల్లోనే దసరా. ఆ రోజు పాలపిట్టను చూడనిదే మనకు పండగ పూర్తవదు. అది మన రాష్ట్ర పక్షి కూడా. పంజరంలో పెట్టి తెచ్చి చూపిస్తే డబ్బులివ్వకండి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని బంధించడం నేరం. ఊరి బయటి కరెంటు తీగల మీద వెతకండి, దొరుకుతుంది.

అద్దానికి తగిలి పడిన పిట్ట కనిపిస్తే నోట్లో నీళ్లు పోయకండి. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, చీకట్లో, సడి లేనిచోట ఉంచండి. దెబ్బ పెద్దదైతే అటవీ శాఖకు చెప్పండి. మా పెట్టెలోది మూత తీయగానే వేపచెట్టు మీదకు ఎగిరింది. చీకటి పడ్డాక టార్చి వేసి చూస్తే లేదు.