తొలిగుడ్డు పెట్టలేక బాధపడు పెట్టకు సాయము

2022వ సంవత్సరము డిసెంబరు నెలలో వరి పంటకోత ప్రయోగమునకై ఒక గ్రామమునకు వెళ్ళియుండగా, ఆ పొలము రైతుగారి ఇల్లాలు ముందునాడు కోసిన కోడి సంగతి నాకు చెప్పినది. అది ఏడు నెలల నాటు పెట్ట. ఇంకను ఒక్క గుడ్డైనను పెట్టలేదు. ఉదయము నుండి మేత ముట్టక, తోక వాల్చి, ఒక మూల నిలబడి ముక్కుచుండెనట. తెగులేమో, తక్కిన కోళ్ళకు అంటునేమో అను భయముతో సాయంత్రము కోసివేసిరి. లోపల చూడగా పెంకుతో సహా నిండు గుడ్డు!

"గుడ్ల కోడిని చేతులారా కోసుకున్నామండీ" అని ఆమె ఎంతో నొచ్చుకొన్నది.

ఇది అంటుతెగులు కాదు. గుడ్డు అడ్డుపడుట. గుడ్డు తయారగుటకు ఇంచుమించు ఒక దినము పట్టును. అందులో 20 గంటలు పెంకు కట్టుటకే సరిపోవును. ఒక్క పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉండును. గుడ్డును బయటకు నెట్టు కండరములకు కూడ కాల్షియమే కావలెను. అది చాలకున్నను, గుడ్డు మిక్కిలి పెద్దదైనను, పెట్ట క్రొవ్వెక్కినను, తొలికారు పెట్టకు గుడ్డు దిగుట కష్టమగును.

అట్టి పెట్ట గూటికి పదేపదే పోయి వచ్చుచుండును. రెట్ట సరిగా వేయదు. దీనిని చూచి కొందరు పొదుగుకు వచ్చినదందురు. గుడ్డే పెట్టని పెట్ట పొదుగుకు ఎట్లు వచ్చును?

నేను వెళ్ళిన నాడే ఆ ఈడుదే మరొక పెట్ట అదే విధముగా ముక్కుచుండెను. వెడల్పు తొట్టిలో చేయి ఓర్చునంత వెచ్చని నీరు పోయించి, పొట్ట మునుగునట్లు పావుగంటకు పైగా నిలిపి ఉంచితిమి. మొదట గింజుకొన్నను, పిమ్మట కన్నులు మూసి ఊరకుండెను. చలికాలము గనుక బాగుగా తుడిచి ఆరబెట్టి, గోళ్ళు తీసిన వ్రేలితో మలద్వారము చుట్టును కొబ్బరినూనె రాచితిమి. తరువాత గడ్డి పరచి, గంప క్రింద మూసి, వెచ్చని చోట చీకటిగా ఉంచి, త్రాగుటకు నీరు పెట్టితిమి. ఇంటివారి అబ్బాయి పొట్ట నొక్కబోగా వారించితిని. నొక్కినచో గుడ్డు లోపలనే పగిలి, పెంకు ముక్కలు గుడ్డుదారిని కోసి, చీము పట్టి పెట్ట చచ్చును. తెల్లవారుసరికి గుడ్డు పెట్టినదని ఫోను వచ్చినది. రెండు సొనల గుడ్డట!

ఒక్కొక్కప్పుడు ముక్కి ముక్కి ఎఱ్ఱని కండ బయటకు వచ్చును. వెంటనే ఆ పెట్టను వేరుచేయవలెను. ఎఱ్ఱదనము చూచినచో తక్కిన కోళ్ళు పొడిచి ప్రేగులు సైతము లాగివేయును. కండను గోరువెచ్చని శుభ్రమైన నీటితో కడిగి, నూనె రాచి, మెల్లగా లోనికి నెట్టి, పెట్టను చీకటిలో ఉంచవలెను. ఇది తిరుగబెట్టు బాధయే. మరల మరల వచ్చుచున్నచో ఆ పెట్టను గుడ్లకై ఉంచుకొనుట మంచిది కాదని నా అభిప్రాయము.

అసలు జాగ్రత్త గుడ్లకు వచ్చుటకు ముందే పడవలెను. తురాయి ఎఱ్ఱబారి, వీపుపై చేయి వేయగా పెట్ట క్రుంగి కూర్చుండినచో గుడ్లకు దగ్గరపడినదని తెలియవలెను. అప్పటినుండి ఆలిచిప్పలను పెసరగింజంత ముక్కలుగా దంచి వేరే మూకుటిలో పెట్టినచో, కావలసినంత తానే తినును. మెత్తని పొడికన్న ముక్కలు మేలు. అవి కడుపులో నిలిచి, పెంకు కట్టు రాత్రివేళ కరగును. అంతకుముందే పెరుగు పిల్లలకు గుడ్లకోళ్ళ దాణా పెట్టరాదు. అందులో 3.5 శాతము, అంతకు మించియు కాల్షియం ఉండును. అది లేతకోళ్ళ మూత్రపిండములను చెరచును. నూకలు, జొన్నలు మాత్రమే మేపి క్రొవ్వెక్కించుటయు తగదు. గూటిలో దీపము పెట్టువారు, పెట్ట ఒళ్ళు చేయకముందే వెలుతురు పెంచి త్వరపెట్టరాదు.

ఇన్ని చేసినను ఒక దినములో గుడ్డు రానిచో పశువైద్యునకు చూపవలెను. ఒకటి కాక రెండు మూడు కోళ్ళు ఒక్కసారి కునుకుచు, పచ్చని రెట్ట వేయుచు, మెడ త్రిప్పుచున్నచో అది గుడ్డు బాధ కాదు, కొక్కెర తెగులు కావచ్చును. అప్పుడు వేడినీళ్ళ తొట్టితో కాలయాపన చేయక, ఆ కోళ్ళను వేరుచేసి, ఆనాడే పశువైద్యశాలకు తెలియజేయవలెను.