సంఘ రుసుము - వ్యక్తి స్వేచ్ఛ

కళాశాలలో చేరిన నాడు మనము చెల్లించే మొత్తములో బోధనా రుసుముతో పాటు గ్రంథాలయమునకు, క్రీడలకు, వార్షిక సంచికకు కూడ కొంత చేరి ఉండుట పరిపాటి. ఆటస్థలములో అడుగు పెట్టనివాడును క్రీడల రుసుము చెల్లిస్తాడు. "నాకు అక్కర లేనిదానికి నేనెందుకు ఇవ్వాలి?" అని అతడు అడిగితే, "ఇది అందరికోసము ఏర్పడినది గనుక" అని సమాధానము చెబుతాము. కాని ఆ సొమ్ముతోనే అతనికి సమ్మతము కాని అభిప్రాయములను ప్రచారము చేస్తే ఆ సమాధానము చాలదు. ఈ చిన్న ప్రశ్నయే అమెరికా సంయుక్త రాష్ట్రములలో ప్రభుత్వోద్యోగుల సంఘముల విషయమున నాలుగు దశాబ్దములకు పైగా న్యాయస్థానములలో నలిగినది. దాని పూర్వాపరములను పరిశీలింతము.

మన దేశములో ఒకే కార్యాలయమున నాలుగైదు సంఘములు ఉండుట సామాన్యము. అమెరికాలో పద్ధతి వేరు. ఒక విభాగములోని ఉద్యోగులలో అధిక సంఖ్యాకులు ఏ సంఘమును కోరుకొంటే, ఆ సంఘమొక్కటే అందరి పక్షమున యాజమాన్యముతో సంప్రదింపులు జరుపుతుంది. ప్రైవేటు పరిశ్రమలలో ఈ పద్ధతిని 1935 నాటి వాగ్నర్ చట్టము స్థిరపరచినది. ప్రభుత్వోద్యోగులు ఆ చట్టము పరిధిలోనికి రాలేదు. వారికి సామూహిక బేరసారముల హక్కు 1959లో విస్కాన్సిన్ రాష్ట్రముతో మొదలై క్రమముగా కొన్ని ఇతర రాష్ట్రములకు వ్యాపించినది. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1962లో అధ్యక్షుడు కెనెడీ ఉత్తర్వు ద్వారా పరిమితమైన హక్కు లభించినది.

అందరి పక్షమున మాట్లాడే అధికారము లభించినప్పుడు దానితో పాటు ఒక బాధ్యత కూడ రావలెను. ఆ బాధ్యత ఎట్లు స్థిరపడినదో తెలిపే కథ మనము గుర్తుంచుకొనదగినది. రైలు ఇంజనులలో బొగ్గు వేసే ఫైర్‌మన్లకు ప్రతినిధిగా ఉండిన ఒక సంఘము నల్లజాతివారిని సభ్యులుగా చేర్చుకొనేది కాదు. పైగా వారిని ఉద్యోగముల నుండి క్రమముగా తొలగించే విధముగా రైలు కంపెనీలతో ఒడంబడిక చేసుకొన్నది. స్టీల్ అనే నల్లజాతి కార్మికుడు దీనిని సవాలు చేశాడు. 1944లో సుప్రీం కోర్టు అతని పక్షమున తీర్పు చెప్పినది. అందరి తరఫున మాట్లాడే హక్కు పొందిన సంఘము, సభ్యులు కానివారికి కూడ వివక్ష లేకుండ న్యాయముగా ప్రాతినిధ్యము వహించి తీరవలెనన్నది దాని సారము. అధిక సంఖ్యాకుల బలము నుండి అల్ప సంఖ్యాకులకు లభించిన రక్షణ ఇది.

రుసుము సమస్య ఇక్కడనే పుట్టినది. సంప్రదింపులు జరుపుటకు, ఒడంబడికలను అమలు చేయించుటకు, ఉద్యోగుల ఫిర్యాదులను నడిపించుటకు సంఘమునకు ఖర్చు అవుతుంది. ఫలితము అందరికిని చెందుతుంది. అందుచేత సభ్యులు కానివారును తమ వంతు వాటా చెల్లించవలెనని సంఘములు కోరినవి. లేనిచో 'సొమ్మొకడిది, సోకొకడిది' అన్నట్లు అవుతుందని వాటి వాదము.

డెట్రాయిట్ నగరపు ఉపాధ్యాయులలో కొందరు దీనిని ఎదిరించారు. 1977లో ఎబూడ్ వ్యాజ్యమున సుప్రీం కోర్టు మధ్యేమార్గమును అనుసరించినది. బేరసారముల ఖర్చులో వాటాను బలవంతముగానైనను వసూలు చేయవచ్చును. రాజకీయ ప్రచారమునకు మాత్రము ఇష్టము లేనివారి నుండి పైసా అయినను తీసుకొనరాదు. చూచుటకు ఈ విభజన సుబోధకముగానే ఉన్నది. కాని ఏ ఖర్చు దేని క్రిందికి వస్తుందనే తగవు ఆ తరువాత చాల కాలము కొనసాగినది.

చివరకు 2018 జూన్ 27న వెలువడిన జానస్ తీర్పు ఈ కట్టడమును కూల్చినది. ఇల్లినాయిస్ రాష్ట్ర ప్రభుత్వములో పనిచేసే మార్క్ జానస్ జీతము నుండి నెలకు 44.58 డాలర్లు, అనగా సభ్యత్వ చందాలో సుమారు 78 శాతము, కోత పడేది. రాష్ట్రము ఆర్థికముగా కుంగిపోయి ఉండగా సంఘము కోరుతున్న కోర్కెలు తనకు సమ్మతము కావని అతని అభ్యంతరము. ప్రభుత్వముతో జీతములను, పింఛనులను గూర్చి బేరమాడుటయే ప్రజాధనమునకు సంబంధించిన రాజకీయ ప్రసంగమనియు, ఇష్టము లేని ప్రసంగమునకు డబ్బు ఇమ్మనుట వాక్ స్వాతంత్ర్యమునకు భంగమనియు న్యాయమూర్తి ఎలిటో వ్రాసిన తీర్పు పేర్కొన్నది. ఉద్యోగి స్వయముగా సమ్మతించనిదే సంఘము కొరకు అతని జీతమును ముట్టరాదని శాసించినది.

ఆ తీర్పును ఐదుగురు బలపరచగా నలుగురు వ్యతిరేకించారు. నలుబది ఏండ్లుగా 20కి పైగా రాష్ట్రములు, వేలాది ఒడంబడికలు ఆధారపడిన సూత్రమును తగిన కారణము లేకుండ త్రోసివేశారని న్యాయమూర్తి కేగన్ ఆక్షేపించారు. ఫలితము ఉచితముగా లభించునప్పుడు, సంఘమును అభిమానించేవాడు కూడ చెల్లించుట మానవచ్చునని ఆమె హెచ్చరిక. ఈ తీర్పుతో బలవంతపు రుసుము పోయినది. అందరికి ప్రాతినిధ్యము వహించే బాధ్యత మాత్రము సంఘములపై నిలిచియే ఉన్నది.

చందా అనగా కేవలము ధనమే కాదని తెలుసుకొనుటకు 1968 నాటి మెంఫిస్ పారిశుద్ధ్య కార్మికుల సమ్మెను స్మరింపవలెను. చెత్తబండి యంత్రములో నలిగి ఇద్దరు మరణించగా, సుమారు 1,300 మంది నల్లజాతి కార్మికులు పని మానివేశారు. 'నేను మనిషిని' అని వ్రాసిన అట్టలు పట్టుకొని వారు వీధులలో నడిచారు. సంఘమునకు గుర్తింపు, జీతము నుండి చందా మినహాయింపు వారి ముఖ్యమైన కోర్కెలు. మేయరు రెండింటిని నిరాకరించాడు. వారికి అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ ఏప్రిల్ 4న అక్కడనే హత్యకు గురి అయిన తరువాత గాని రాజీ కుదరలేదు. అయితే వారు కోరినది తమ ఇష్టముతో ఇచ్చే చందా. ఆ ఇష్టమే వారి బలము.

మన దేశమున ఈ విషయము మరొక దారిలో నడిచినది. సంఘపు రాజకీయ నిధి వేరుగా ఉండవలెననియు, దానికి ఏ సభ్యుని బలవంతపెట్టరాదనియు, ఇవ్వలేదని ప్రయోజనములను నిరాకరింపరాదనియు 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టమే విధించినది. ఎబూడ్ తీర్పునకు అది యాభై ఏండ్లు ముందు. జీతము నుండి సంఘ చందా మినహాయించుటకు ఉద్యోగి వ్రాతపూర్వకమైన సమ్మతి కావలెను. కాని గుర్తింపు సంఘపు పద్ధతి మనకును కొత్త కాదు. సింగరేణి గనులలో 1998 నుండి రహస్య బ్యాలెట్ ద్వారా గుర్తింపు సంఘమును ఎన్నుకొంటున్నారు. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి, 51 శాతము కార్మికుల మద్దతు గల సంఘమునే ఏకైక సంప్రదింపుల సంఘముగా గుర్తింపవలెనన్నది. అప్పుడు తక్కిన 49 శాతము మంది మాట ఏమగును? ఆ ప్రశ్న ఇక మనది కూడ.

రెండు పక్షములలోను సత్యము కలదు. బలవంతపు రుసుము ఒంటరివాని మనస్సాక్షిని నొక్కివేయవచ్చును. రుసుము లేని సంఘము క్షీణిస్తే, తోడు లేక నష్టపోయేవాడును ఆ ఒంటరివాడే. బలవంతముపై నిలిచిన సంఘము తన సభ్యుల మాట వినుట మరచిపోవచ్చునని మాకు తోచుచున్నది. కనుక చందాను అడిగి, ఒప్పించి పుచ్చుకొనుటయే మేలు. కాని న్యాయస్థానము చట్టపు ఋణమునే రద్దు చేయగలదు, నైతిక ఋణమును కాదు. ఇతరుల శ్రమవలన కలిగిన ఫలమును అనుభవిస్తూ, ఖర్చు వచ్చినప్పుడు ముఖము చాటువేయుట స్వేచ్ఛ అనిపించుకొనదు. అట్లే, స్టీల్ వంటివాడు తలుపు బయట నిలిచి ఉండగా అందరి పేరున మాట్లాడుట ప్రాతినిధ్యము అనిపించుకొనదు. రేపు ఉద్యోగములలో చేరబోయే విద్యార్థులు సంఘ చందా పత్రముపై సంతకము పెట్టినను, పెట్టకున్నను, ఈ రెండు మాటలను తలచుకొని పెట్టుదురు గాక.